మాట చెప్పేదొకటి, చెయ్యి ఇచ్చేదొకటి: సంభాషణను విప్పి చూసే పద్ధతి

పశువుల సంతలో పాతకాలం దళారుల బేరం చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఇద్దరి చేతులూ తుండుగుడ్డ కింద కలుస్తాయి. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైన నోళ్లు మాత్రం ఎద్దు పళ్ల గురించి, సుడుల గురించి, నడక గురించి మాట్లాడుతూనే ఉంటాయి. చుట్టూ మూగినవాళ్లకు మాటలన్నీ వినబడతాయి, ధర మాత్రం చిక్కదు. సరుకును పొగడటం నోటి వంతు, లెక్క తేల్చడం వేళ్ల వంతు.

మామూలు సంభాషణలో తుండుగుడ్డ ఉండదు గానీ పని పంచుకోవడం ఇలాగే జరుగుతుంది. మాట కొంత మోస్తుంది, గొంతు కొంత, చెయ్యి, చూపు, నిలబడ్డ చోటు, చేతిలోని వస్తువు మిగతాది మోస్తాయి. అవతలివాళ్లకు అందే అర్థం వీటిలో ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా ఉండదు. ఎవరు ఎంత మోస్తున్నారో పసిగట్టడం నేర్చుకోవచ్చు. దానికి ఓ పద్ధతి ఉంది. హెల్ప్‌డెస్కులో కూర్చునేవాళ్లకు, లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లకు, నర్సులకు, టీచర్లకు, ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. తిరుపతి లాంటి ఊళ్లో రోజూ నాలుగైదు భాషలవాళ్లతో పని పడుతుంది కాబట్టి ఇక్కడివాళ్లకు మరీనూ. ఒక ఫోను, ఒక నోటుబుక్కు, గంటన్నర తీరిక ఉంటే చాలు.

1. ముందు ఏది మాటో, ఏది కాదో తేల్చుకోండి

తడబాటంతా ఇక్కడే మొదలవుతుంది. వెర్బల్ అంటే నోటితో చేసేది, నాన్ వెర్బల్ అంటే ఒంటితో చేసేది అని చాలామంది అనుకుంటారు. గీత అక్కడ లేదు. భాష ఉన్నదంతా వెర్బల్. గోడమీద రాసిన 'ఇచ్చట చెప్పులు వదలరాదు' వెర్బలే, నోరు తెరవకపోయినా సరే. గొంతు హెచ్చుతగ్గులు, వేగం, నసుగుడు, మధ్యలో ఆగడం ఇవన్నీ నోట్లోంచే వస్తాయి, అయినా నాన్ వెర్బల్ కిందికే వస్తాయి.

ఇక సైగల భాష. బధిర పాఠశాల పిల్లలు చేతులతో మాట్లాడుకుంటుంటే దాన్ని 'బాడీ లాంగ్వేజ్' అనడం తప్పు. అది నిండు భాష. సైగల భాషకూ మాట్లాడే భాషల్లాగే నిర్మాణం ఉందని 1960లో విలియం స్టోకీ అనే భాషా పరిశోధకుడు అమెరికన్ సైగల భాష మీద చేసిన పనితో చూపించారు. ఆ భాషలో అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు ఎత్తడం వ్యాకరణంలో భాగం. అంటే ముఖం కూడా అక్కడ మాటే.

నోటుబుక్కులో అయిదు నిలువు గళ్లు గీయండి: మాట, గొంతు, ఒళ్లు, చోటు, వస్తువు. ఒళ్లు అంటే చెయ్యి, ముఖం, చూపు. చోటు అంటే ఎంత దూరం, ఎటు తిరిగి. వస్తువు అంటే చేతిలో ఉన్నదీ, ఒంటిమీద ఉన్నదీ. పండితుల విభజనలు వేరేగా ఉన్నాయి. 1996లో న్యూ లండన్ గ్రూప్ అనే బృందం భాష, దృశ్యం, ధ్వని, అంగవిన్యాసం, స్థలం అని అయిదు దారులు చెప్పింది. మన నాట్యశాస్త్రం ఎప్పుడో ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు అభినయాలుగా విడదీసింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది ఆహార్యమే, అంటే మన లెక్కలో వస్తువు గడి. యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, చేతిలో రసీదు పుస్తకం, ఇవన్నీ మాట పుట్టకముందే సగం మాట్లాడేసి ఉంటాయి.

2. ఒక్క నిమిషం దొరకబుచ్చుకోండి

ఒక్క నిమిషం సంభాషణ చాలు. అంతకన్నా ఎక్కువ తీసుకుంటే మధ్యలో వదిలేస్తారు. సినిమా సీన్లు వద్దు, టీవీ చర్చలు అసలే వద్దు. సినిమాలో ఎడిటింగూ వెనకాల సంగీతమూ మీ బదులు అర్థం చెప్పేస్తుంటాయి. ఇచ్చిపుచ్చుకోవడం ఉండే చోటు మంచిది: పూలకొట్టు, టీ బంకు, జిరాక్స్ షాపు, ఇంట్లో వంటగది.

రికార్డు చేసేముందు అడగండి, అయ్యాక చూపించి మళ్లీ అడగండి. ఫోను పెట్టిన కాసేపు ఎవరైనా బిగుసుకుపోతారు. మొదట్లోది పారేసి తర్వాతిది తీసుకోండి. వీడియోకు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఇష్టం: ఇద్దరు వెళ్లండి. ఒకరు తలెత్తకుండా మాటలు మాత్రమే రాసుకోవాలి. రెండోవాళ్లు మాటలు పట్టించుకోకుండా చేతులూ కాళ్లూ చూపులూ రాసుకోవాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి.

3. మూడుసార్లు చూడండి

మొదటిసారి ఫోను బోర్లా పెట్టి వినండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. మూడోసారి రెండూ కలిపి. ఈ వరస మార్చొద్దు. ముందే రెండూ కలిపి చూస్తే మనసు అర్థాన్ని అతికించేసుకుంటుంది, ఇక విడదీయలేం.

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆవిడతో ఒక బేరం ఎలా సాగుతుందో చూద్దాం. ముందు మాటలు మాత్రమే.

"మల్లెలు మూర ఎంతక్కా?"
"నలబై."
"నలబయ్యా! మొన్న ముప్పయ్యే గదా ఇచ్చినావు?"
"మొన్న మొన్నే. ఈ రోజు శుక్రవారం గదమ్మా."
"సరే, నిండుగా కొలు."
"చూడు, నీకని ఇంకా వదిలినా."

విన్నంతవరకూ బేరంలో కొనే ఆవిడ ఓడిపోయింది. నలభై అంటే నలభై, రూపాయి తగ్గలేదు. ఇప్పుడు సౌండ్ తీసేసి చూడండి. కొనే ఆవిడ పూలబుట్ట ముందు వంగలేదు. ఒక పాదం రోడ్డు వైపే ఉంది, చెయ్యి సంచీలోంచి బయటికి రాలేదు. అమ్మే ఆవిడ తల వంచుకుని మాల కడుతూనే ఉంది. కాసేపటికి తలెత్తింది, నవ్వింది. ఇంకా ధర కుదరకముందే దండ కొసను మోచేతికి ఆనించి కొలవడం మొదలుపెట్టింది. అప్పుడే కొనే ఆవిడ చెయ్యి సంచీలో పర్సు వెతకడం మొదలైంది. కొలత వేలి కొసకు చేరాక ఆగలేదు. ఇంకో జానెడు జారింది, అక్కడ తెంపింది.

రెండూ కలిపితే అసలు కథ బయటపడుతుంది. తగ్గింపు నోటితో ఇవ్వలేదు, చేత్తో ఇచ్చింది. ఎందుకంటే పక్కన ఇంకో ఇద్దరు నిలబడి వింటున్నారు. నోటితో ముప్పై అయిదు అన్నదంటే వాళ్లకీ ముప్పై అయిదే. జానెడు పూలు మాత్రం ఎవరికీ వినబడవు. 'శుక్రవారం' అన్న మాట పని కూడా గమనించండి. ధర ఎందుకు పెరిగిందో చేత్తో చెప్పలేం, కారణం మాటకే సాధ్యం. ఇక ఒప్పందం కుదిరిన క్షణం ఏది? 'సరే' అన్నప్పుడు అనుకుంటాం. దండ మోచేతికి ఆనగానే పర్సు కోసం చెయ్యి కదిలింది, ఒప్పందం అక్కడే అయిపోయింది. 'సరే' దాని వెనకాల వచ్చిన రసీదు.

మీ నిమిషాన్నీ ఇలాగే గళ్లలో నింపండి. ఏ గడిలో ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయండి. మాట గడి ఖాళీగా ఉండి మిగతావి నిండుగా ఉన్న చోట్లకు ఎర్రపెన్నుతో చుట్టు గీయండి.

4. మాటకూ మిగతావాటికీ ఉన్న బంధం పేరు పెట్టండి

ఒక్కో చోట మాటా, మాట కానిదీ ఒకదానికొకటి ఏమవుతాయో రాయాలి. పాల్ ఎక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో మొదలుపెట్టిన వర్గీకరణను ఇప్పటికీ చాలా పాఠ్యపుస్తకాలు వాడుతున్నాయి. అందులో ఆరు బంధాలు. ఆరూ సమానంగా ముఖ్యమైనవేం కావు.

చెప్పిందే చూపడం తేలికైనది. "రెండు కాఫీ" అంటూ రెండు వేళ్లు చూపిస్తాం, గోలలో ఏదో ఒకటి అందుతుందని. ఒత్తి చెప్పడం కూడా అంతే, ముఖ్యమైన మాట దగ్గర బల్లమీద వేలు పడుతుంది. ఈ రెండిటి మీద ఎక్కువసేపు పెట్టకండి.

నింపడం అసలు సరుకున్న చోటు. "ఇంత పొడుగు పాము" అన్నప్పుడు 'ఇంత' అనే మాట ఉత్త ఖాళీ గిన్నె, పొడుగు చేతుల్లో ఉంది. "అట్లా పోయి ఇట్లా తిరుక్కోండి" అన్నప్పుడు దారంతా చేతిలోనే ఉంది. సైగ మాటకు తగిలించిన అలంకారమేం కాదనీ, రెండూ ఒకే ఆలోచనలోంచి ఒకేసారి పుడతాయనీ డేవిడ్ మెక్‌నీల్ అనే మనస్తత్వవేత్త 1992లో వాదించారు. మీ రికార్డింగులో 'ఇంత', 'అట్లా', 'ఇది', 'అక్కడ' లాంటి మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. ప్రతిదాని పక్కనా చెయ్యో చూపో ఉండి తీరుతుంది.

మాటకు బదులు నిలబడటం. పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే మనం వాళ్లను తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకుంటాం. నోటితో సారీ అనక్కర్లేదు. నాలుకతో 'ట్చ్' అంటే లేదనో, అయ్యో పాపమనో. చావు కబురు కార్డుకు మూలల్లో నలుపు పూసేవాళ్లు, చదవకముందే విషయం తెలిసిపోయేది. ఇవన్నీ ఊరినీ నేలనూ బట్టి మారేవే. తల అటూ ఇటూ వాల్చి 'అట్లాగే' అని మనం చెప్పేది, ఢిల్లీ నుంచి వచ్చిన యాత్రికుడికి 'ఏమో' అని అనిపించొచ్చు. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు తల ఒక్కటే ఊపకుండా నోటితో కూడా అవుననో కాదనో అనేయండి.

ఎదురు తిరగడం దగ్గర ఆగాలి. వంటింట్లోంచి "నాకేం కోపం లేదు" అని వినబడుతుంది, దాని వెంటే గిన్నె ఠంగున పడుతుంది. ఏది నమ్మాలో ఏ మొగుడికీ చెప్పక్కర్లేదు. అన్ని ఎదురుతిరుగుళ్లూ ఇంత తేలికగా తేలవు. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాళ్లు "చాలు చాలు" అంటారు. నోటి చాలును వడ్డించేవాళ్లు లెక్కపెట్టరు. మొహమాటమేమో అని ఇంకో గరిటె వేస్తారు. అరచెయ్యి విస్తరి మీద అడ్డంగా పరిచినప్పుడే అది నిజం చాలు. వేళ్ల మధ్య సందు ఉందంటే ఇంకా ఆశ ఉన్నట్టే అని పెద్దవాళ్లు ఎగతాళి చేసేది అందుకే. ఇక్కడ మాట మర్యాదను మోస్తుంది, చెయ్యి నిజాన్ని.

ఆస్పత్రిలో సంగతి ఇంత సరదాగా ఉండదు. "ఇప్పుడెట్లుంది పెద్దాయనా?" అంటే "బాగుండాది తల్లీ" అంటాడు. ఒక చెయ్యి మాత్రం డొక్కలోంచి తీయడు, మంచం దిగేటప్పుడు ఊపిరి బిగబడతాడు. బాగుంది అనే మాట అబద్ధమేం కాదు. నర్సమ్మను కష్టపెట్టకూడదనే మర్యాద అది, లేదా ఇంకో ఇంజెక్షన్ వేస్తారేమోననే భయం. ఇలాంటి చోట చెయ్యి చెప్పిందే నిజమని తీర్మానించి ఊరుకోకూడదు, మాటనే నమ్మి ముందుకు పోకూడదు. ఎదురుతిరుగుడు కనబడిందంటే ఇంకో ప్రశ్న అడగాలని అర్థం. "చెయ్యి పెట్టుకున్నారే, ఆడనే నొస్తాందా?" అని చెయ్యిని చూపించి అడిగితే ఆయన చెబుతాడు.

ఎదురుతిరిగినప్పుడు మాట వచ్చి సర్దిచెప్పే సందర్భాలూ ఉన్నాయి. కుడిచేత్తో పిండి కలుపుతూ ఎడమచేత్తో డబ్బులివ్వాల్సి వస్తే "ఎడం చెయ్యి, ఏమనుకోవద్దు" అంటాం. చెయ్యి చేసిన అమర్యాదను నోరు సరిచేసింది. ఇక వెటకారం: కావాలనే మాటా గొంతూ ఎడమొహం పెడమొహంగా పెట్టడం. "అబ్బ, ఎంత తొందరగా వచ్చినావు!" గొంతు విరుపు తీసేస్తే అది మెచ్చుకోలే. మన ఆలంకారికులు ఈ విరుపును కాకువు అన్నారు, దాంతో వచ్చే వక్రోక్తికి, అంటే మాట ఒకటై అర్థం ఇంకొకటవడానికి, కాకు వక్రోక్తి అని ప్రత్యేకంగా పేరే పెట్టారు.

ఆరోది వంతులు నడపడం. ఊకొట్టడం, ఊపిరి లోపలికి తీసుకుని నోరు తెరవబోవడం, చూపు తిప్పుకోవడం. ఇవి సరిగ్గా నడిచినంతసేపూ ఎవరికీ కనబడవు. ఫోనులో ఊకొట్టడం ఆపి చూడండి, అయిదారు సెకన్లలో "హలో, ఉన్నారా?" అని వస్తుంది.

5. సందర్భాన్ని రాసుకోండి

గళ్లన్నీ నిండాక పైన ఒక్క వాక్యం రాయండి: ఇది ఎక్కడ, ఎవరి మధ్య, ఏ పని మీద జరుగుతోంది? ఇది రాయకపోతే కిందిదంతా తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

తిరుమలలో స్వామి ముందు వినబడే "జరగండి, జరగండి" తెలుగు రానివాళ్లకూ అర్థమవుతుంది. మాట, దాని వేగం, ముందుకు ఊపే చెయ్యి, వెనక నుంచి వచ్చే జనం తోపు, నాలుగూ ఒకే దిక్కుకు పనిచేస్తాయి. అదే మాటను అదే వేగంతో, అదే చెయ్యి ఊపుతో బ్యాంకు క్యూలో అనండి. గొడవైపోతుంది.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ తిరుపతిలోనే ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో జనం బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఇలా రోజుకో వేషం వేస్తారు. వేషంలో ఉన్నవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. మాట మారలేదు, గొంతు మారలేదు. ఒంటిమీది రంగూ, చేతిలోని వేపాకూ, ఆ వారమూ కలిసి బూతును మొక్కుగా మార్చేశాయి. వస్తువు గడినీ సందర్భాన్నీ వదిలేసి రాసుకుంటే ఈ దృశ్యం మీ నోటుబుక్కులో వీధి తగాదాలాగే ఉంటుంది.

దూరం సంగతీ ఇక్కడే. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో దూరాలకు కొలతలు ఇచ్చారు: అడుగున్నర లోపు ఆత్మీయులకు, నాలుగు అడుగుల దాకా తెలిసినవాళ్లకు, పన్నెండు అడుగుల దాకా పనిమీద కలిసేవాళ్లకు, ఆపైన సభలకు. అవి ఆయన గమనించిన అమెరికన్ మధ్యతరగతివాళ్ల లెక్కలు. సర్వదర్శనం క్యూలో భుజానికి భుజం రాసుకుంటూ నిలబడ్డవాళ్లు ఆత్మీయులేం కారు. ఆ కొలతలను మనవాళ్ల మీద రుద్దే ట్రైనింగు క్లాసులు చూస్తే నవ్వొస్తుంది.

6. తొందరపడి తీర్పులివ్వకండి

ఈ పని కొన్నాళ్లు చేశాక మనుషుల్ని ఇట్టే చదివేయగలమని ఒక ధీమా వస్తుంది. దాన్ని మొగ్గలోనే తుంచాలి.

కోచింగ్ సెంటర్ల గోడల మీద మీకు తప్పక కనబడే లెక్క ఒకటి ఉంది: సంభాషణలో మాట 7 శాతం, గొంతు 38, ముఖం 55 అని. ఇది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాలను కలిపి తీసిన లెక్క. ఒంటరి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించారు. ఒక ప్రయోగంలో 'మేబీ' అనే ఒక్క మాటను ముఖాల ఫోటోలతో జతచేశారు. అవతలి మనిషికి ఇష్టమా అయిష్టమా అని మాత్రమే అడిగారు. ఇష్టాయిష్టాల గురించి మాట ఒకటి, ముఖం ఒకటి చెబుతున్నప్పుడు జనం దేనివైపు మొగ్గుతారన్నదే ఆ లెక్క. తన సూత్రం భావాలకూ ఇష్టాయిష్టాలకూ తప్ప మిగతా సంభాషణకు వర్తించదని ఆయనే చెప్పారు. నమ్మకం కుదరకపోతే చిత్తూరు నుంచి కాణిపాకానికి ఆఖరి బస్సు ఎన్నింటికో ముఖంతోనూ గొంతుతోనూ మాత్రమే చెప్పి చూడండి. 93 శాతం అందాలి మరి.

అబద్ధాలు పట్టేస్తామన్న మాటా అంతే. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే మనస్తత్వవేత్తలు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 2006లో లెక్క తేల్చారు. సాయం లేకుండా జనం అబద్ధమో నిజమో సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. బొమ్మాబొరుసూ వేసుకున్నా సగం సరిపోతుంది. కళ్లు దించుకున్నాడు కాబట్టి దొంగ అనేవాళ్ల మాట నమ్మొద్దు. మన పల్లెల్లో పెద్దల ముందు కళ్లు దించుకోవడం పెంపకం.

గొంతు విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ జాన్ గంపర్జ్ అనే భాషా పరిశోధకుడిది. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయం ఉద్యోగుల క్యాంటీనులో భారత, పాకిస్తాన్ మహిళలు వడ్డనకు చేరారు. వాళ్లు పొగరుగా ఉన్నారని అక్కడి సిబ్బంది ఫిర్యాదు. విషయం చూస్తే ఒక్క మాటలో ఉంది. మాంసం మీద గ్రేవీ వేయాలా అని అడగడానికి అక్కడివాళ్లు 'గ్రేవీ' అని చివర గొంతు పైకి లేపుతారు. వీళ్లు చివర గొంతు దించేవాళ్లు. వీళ్ల లెక్కలో అదే అడగడం. వినేవాళ్లకు మాత్రం 'ఇదుగో గ్రేవీ, తింటే తిను' అన్నట్టు వినబడింది. రికార్డింగులు వినిపించి మాట్లాడించాక రెండు పక్కలా సంగతి తెలిసింది.

మన పంక్తిలో "సాంబారూ" అని అరుచుకుంటూ వచ్చేవాళ్ల గొంతు లేచినా దిగినా ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే గరిటె విస్తరి మీద గాల్లో ఆగి ఉంటుంది. అడిగే పని గరిటె చేస్తోంది.

7. ఇక మీ మాటను కట్టుకోండి

విప్పడం వచ్చింది కాబట్టి ఇప్పుడు కట్టడం. బస్టాండులో మీరు హెల్ప్‌డెస్కులో ఉన్నారనుకుందాం. మహారాష్ట్ర నుంచి వచ్చిన ముసలి దంపతులకు తిరుమల బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. హిందీ మీకు అంతంతమాత్రం, వాళ్లకు తెలుగు సున్నా.

ముందు వాళ్లు ఏం చేయాలో మనసులో ఒక్క వాక్యంగా అనుకోండి. తర్వాత పంచండి. పేర్లు, అంకెలు, టైము మాటకు ఇవ్వండి, వీలైతే కాగితం మీద రాసివ్వండి. దిక్కు చేతికి ఇవ్వండి. తొందరపడాలా, నిదానంగా పోవచ్చా అన్నది గొంతుకు వదిలేయండి. గుర్తు పట్టాల్సింది ఏదైనా ఉంటే వస్తువుకు: బోర్డును చూపించండి, ఆ బోర్డు మీద ఉన్నదే కాగితం మీద రాయండి.

కౌంటరు వెనక నుంచి ఎదురెదురుగా చెబితే మీ కుడి వాళ్లకు ఎడమ. లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడి, వాళ్లు చూసే వైపే చూస్తూ చెయ్యి చాపండి. సగం తికమక ఇక్కడే తీరుతుంది. చెయ్యి మాటతో పాటుగానో రవ్వంత ముందుగానో రావాలి. సహజంగా మాట్లాడేటప్పుడు చెయ్యి అలాగే వస్తుంది. "అటు" అనేశాక తాపీగా చెయ్యి లేపితే వాళ్లు అప్పటికే ఇంకో వైపు చూస్తుంటారు. పెదాలు కనబడేలా మాట్లాడండి. చెవి కూడా కంటి సాయం తీసుకుంటుంది. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే మనస్తత్వవేత్తలు 'బ' శబ్దం వినిపిస్తూ 'గ' పలికే పెదాలు చూపిస్తే చాలామందికి 'డ' వినబడిందని చూపారు.

చివర వాళ్లతో చెప్పించండి, లేదా చూపించమనండి. తల ఊపారు కదా అని వదలకండి. తల ఊపడం చాలాసార్లు 'వింటున్నా' అనడం వరకే.

ఇంట్లో సాధన చేసేటప్పుడు తీసివేత పరీక్ష పెట్టుకోండి. మీరు చెప్పేది రికార్డు చేసి, సౌండ్ లేకుండా ఒకరికి చూపండి, బొమ్మ లేకుండా ఇంకొకరికి వినిపించండి. ఏది లేకపోతే ఏది పోతోందో వాళ్లే చెబుతారు. బస్సు నంబరు బొమ్మలో మాత్రమే ఉందని తేలితే దాన్ని మాటలోకి తెచ్చుకోండి.

ఇంటర్వ్యూకు పోయే పిల్లలకు ఒక్క మాట. వాక్యాలు బట్టీ పడితే చెయ్యి చచ్చిపోతుంది. గుర్తు తెచ్చుకునే పనిలో కళ్లు సీలింగు వైపు పోతాయి, టెన్షన్ అంతా వేళ్లలోకి దిగుతుంది. అయిదు పాయింట్లు గుర్తుపెట్టుకుని వాక్యం అక్కడికక్కడ కట్టండి, చెయ్యి తనంతట తానే కదులుతుంది. కళ్లలోకి చూడటం అలవాటు లేనివాళ్లు మాట్లాడినంతసేపూ చూడాలని ఒత్తిడి పెట్టుకోవద్దు. వాక్యం ముగిసే చోట చూడండి చాలు. వంతు వాళ్లకు ఇస్తున్నారని అర్థమవుతుంది.

8. ఒక దారి మూసుకుపోయినప్పుడు

ఫోనులో చెయ్యి లేదు, ముఖం లేదు. అయినా మనం ఫోనులో 'ఇట్లా వచ్చి అట్లా తిరుగు' అంటూ గాల్లో చెయ్యి ఊపుతాం. లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి ఇలా దారి చెప్పేవాళ్లను రోజూ చూడొచ్చు. ఫోను ఎత్తేముందు 'ఇట్లా, అట్లా, ఇక్కడ' అనే మాటలను గుర్తుల పేర్లతో మార్చుకోండి: పెట్రోల్ బంకు, గుడి, మెడికల్ షాపు.

వాట్సాప్‌లో గొంతు కూడా పోయింది. తెలుగుకు ఇక్కడొక సౌకర్యం ఉంది. గొంతులో వేసే ఒత్తును మనం మాటకే తగిలించవచ్చు: రేపే, మీరే, ఇక్కడికే. ఎమోజీ ముఖం వంతు పని చేస్తుంది గానీ అంకెల పని చేయదు, కారణాల పని అసలే చేయదు. పెద్దవాళ్లకు ఉత్త బొటనవేలు పంపితే తోసిపుచ్చినట్టు అనుకోవచ్చు. 'సరేనండి' అని రాసి తర్వాత బొటనవేలు పెట్టండి.

పెళ్లి పిలుపును మాత్రం వాట్సాప్‌కు వదిలేయకండి. శుభలేఖలో ఉన్న అక్షరాలే ఫోనులోనూ ఉంటాయి. కానీ ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, మూలల్లో పసుపు రాసిన కార్డు రెండు చేతులతో ఇచ్చి "తప్పకుండా రావాలి" అన్నప్పుడే మనవాళ్ల లెక్కలో అది పిలుపు. ఫార్వర్డ్ చేసింది కబురు. దూరం వల్ల పోలేకపోతే ముందు ఫోన్ చేసి మాట్లాడండి, "రాలేకపోతున్నాం, ఫోనులోనే బొట్టు పెట్టినట్టనుకోండి" అని నోటితో అనండి, ఆ తర్వాతే కార్డు ఫోటో పంపండి.

ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టేటప్పుడు గొంతూ ముఖమూ లేకుండా చదివితే ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి. "రేపు అందరూ టైముకు రావాలి" అని రాస్తే నిన్న లేటుగా వచ్చినవాళ్లు తమనే అన్నారనుకుంటారు, మిగతావాళ్లు మా తప్పేంటి అనుకుంటారు. ఎదురుగా అయితే నవ్వుతూ అనేవాళ్లు, సరిపోయేది. ఆ నవ్వు చేసే పనిని ఇప్పుడు మాటే చేయాలి: "రేపు పొద్దున తొమ్మిదిన్నరకే కలెక్టరాఫీసు వాళ్లు వస్తున్నారు. తొమ్మిదింపావుకల్లా అందరం ఉంటే ఫైళ్లు ఒకసారి చూసుకోవచ్చు. టిఫిన్ ఆఫీసులోనే."